యాభై మీద యాభై

"ఇదేం లెక్క, మహానుభావా?"

బిల్లు కౌంటర్లో కూర్చునే అమ్మాయి రెయిన్‌కోటు ట్యాగు ఎత్తి చూపించింది. ట్యాగులు రాసేవాడు పెన్ను జేబులో దాచేశాడు.

ఆ బట్టల షాపుకి అదే ఆఖరి రోజు. ఇంకో గంటలో షట్టర్ దించేస్తారు. ఆమె వాళ్ల అన్నయ్య ఊరికి బస్సెక్కేస్తుంది, మళ్లీ రాదు. రెండేళ్లుగా నోట్లో నానుతున్న మాట వాడికి ఇవాళా పెగల్లేదు. పాపం, రేపట్నించి ఉద్యోగమే లేనివాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

అసలు వాళ్ల పరిచయమే గొడవతో మొదలైంది. చేరిన రోజే వాడు యాభై శాతం తగ్గింపు మీద ఇంకో ఇరవై అన్నచోట, రెండూ కలిపేసి డెబ్భై అని బోర్డు రాసిపారేశాడు. కొన్నవాళ్లంతా ఆమె మీద విరుచుకుపడ్డారు. "రెండో తగ్గింపు మిగిలినదాని మీదే పడుతుందయ్యా. వందకి నలభై కట్టాలి, ముప్ఫై కాదు. ఆపైన పన్ను," అని తల వాచేలా చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లకే వాడు పడిపోయాడు.

అయినా బుద్ధి రాలేదు. ఇవాళ మిగిలిన సరుక్కి తోచింది రాసెయ్యమని ఓనరు అన్నాడు కదా అని, ఆమె రోజూ తడిమి చూసి వదిలేసే కోటుకి యాభై మీద యాభై రాశాడు.

"రెండు యాభైలు వంద కదా, ఊరికే వచ్చేస్తుందనుకున్నా," అన్నాడు నేలచూపులు చూస్తూ. "నీకిద్దామని."

ఆమె నవ్వలేదు. "పదహారొందల్లో సగం ఎనిమిదొందలు. అందులో సగం నాలుగొందలు. ఐదు శాతం పన్నుతో నాలుగొందల ఇరవై. ఎన్నిసార్లు సగం చేసినా సున్నా అవదు."

వాడికి ఏడుపొక్కటే తక్కువ. ఆఖరి రోజు కూడా లెక్క తప్పేనా అని తనని తానే తిట్టుకున్నాడు. "నా దగ్గర మూడొందలే ఉన్నాయి. వదిలెయ్, నీకు బస్సుకి టైమవుతోంది."

"రెండొందల పది తియ్యి. మిగతా సగం నేను కడతా."

బిల్లు కొట్టి, దాని వెనక అన్నయ్య ఇంటి అడ్రస్ రాసి వాడి చేతిలో పెట్టింది.

"కోటులో సగం నీది. ఉద్యోగం దొరగ్గానే వచ్చి మా అన్నయ్యని అడుగు. సంబంధాలు చూస్తున్నారు, ఎన్నాళ్లని ఆపను?"

బయట వాన పట్టుకుంది. కోటు సంచిలో పెట్టుకుని, ఆమె తడుస్తూనే బస్సు వైపు నడిచింది.

"వేసుకోవచ్చుగా," అన్నాడు గుమ్మంలోంచి.

"నువ్వొచ్చాక," అంది, వెనక్కి తిరగకుండా.