ఇచ్చే చేను

2079 నాటికి ఇథియోపియాలోని అర్సీ పీఠభూమి రైతులు పొద్దున లేస్తూనే ఆకాశం వంక చూడడం మానేశారు. అరచేతి తెర వంక చూసేవారు. తమ చేను పక్క చేనుకు ఎంత నీరిచ్చిందో, ఎంత పుచ్చుకుందో అందులో కనబడేది. ఇచ్చిన చేను ఎర్రగా, పుచ్చుకున్న చేను పచ్చగా.

అలా నీరు ఇచ్చిపుచ్చుకునే గోధుమను మందాకిని కనిపెట్టింది. తెనాలి నుంచి ఇథియోపియా వచ్చేనాటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు యాభై ఏడు. ఈ మధ్యలో చేసిన పదకొండు వందల సంకరాల్లో ఒక్కటి నిలబడింది. దాని పేరు జంటవేరు. మామూలు గోధుమ మొక్క తన వేళ్లతో తన నీరు తాను తాగుతుంది. జంటవేరు అలా కాదు. దాని వేళ్లను పట్టుకుని సన్నటి శిలీంధ్రపు దారాలు మొక్క నుంచి మొక్కకి, చేను నుంచి చేనుకి నేలలోపల అల్లుకుపోతాయి. తడి ఉన్నచోటి నుంచి లేనిచోటికి నీరు ఆ దారాల వెంట నడుస్తుంది. మిగతా శాస్త్రజ్ఞులు రూట్ నెట్‌వర్క్ అనేవారు. ఆమె వేరుబంధం అనేది.

ఆ మిగతా శాస్త్రజ్ఞులు ఒక్కొక్కరే వేరే దేశాలకు, వేరే పంటలకు వెళ్లిపోయారు. పరిశోధన కేంద్రంలో ఆమే మిగిలింది, వేరుబంధాన్ని కొలిచే పొలకాపు అనే యంత్రంతో. దానికి తెలుగు తనే నేర్పింది. "అన్నం తిన్నారా అండీ?" అని అది అడిగినప్పుడల్లా, ఆ మాట కూడా తను నేర్పిందేనని కాసేపు మరిచిపోయేది.

జంటవేరు వేసిన మొదటి రెండేళ్లూ వానలు సరిగా లేవు. అయినా లోయలోని నలభై కుటుంబాలూ పంట ఇంటికి తెచ్చుకున్నాయి. ఆ సంబరంలోనే మందాకిని పొలకాపు గీసిన ఆ రెండేళ్ల నీటి పటాన్ని రైతుల అరచేతి తెరల్లో పెట్టింది. "మీ చేలు ఒకదానికొకటి ఎలా సాయం చేసుకుంటున్నాయో చూడండి" అంది.

చూశారు.

మూడో ఏడు పైరు పొట్టకొచ్చే వేళకి పడమటి చేలల్లో ఆకులు చుట్టుకుపోవడం మొదలైంది.

"ఏమైంది పొలకాపూ?"

"వేరుబంధం తెగిందండీ. ముప్పై ఒక్క చోట్ల."

ఆమె పరుగున వెళ్లింది. చల్తు చేను చుట్టూ మోకాలి లోతు కందకం తవ్వి ఉంది. చల్తు అరవై దాటిన మనిషి, భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. ఆ లోయలో మందాకినిని కాఫీకి పిలిచేది ఆమె ఒక్కతే.

"ఇదేమిటి చల్తూ?" అంది మందాకిని, ఆ ఊరి భాషలో.

"రెండేళ్లుగా నా చేను ఎర్రగానే ఉంది. పక్కనే గెమెచు చేను పచ్చగా ఉంది. ఒక్కనాడైనా వాడు నా గడప తొక్కి ఒక మంచిమాట అన్నాడా?"

"నీ పంటకు లోటేమీ రాలేదు కదా!"

"లోటని కాదు. తెలిసింది, అంతే. తెలిశాక కూడా ఊరుకుంటే నన్ను వెర్రిదాన్ని అనుకోరూ?"

ఆమెను చూసి ఎరుపు వచ్చినవాళ్లంతా తవ్వారు. పచ్చగా ఉన్నవాళ్లు పౌరుషానికి తవ్వారు.

మందాకిని తిరిగొచ్చి యంత్రం ముందు కూలబడింది. "ఇంకెన్ని రోజులు ఆగుతుంది?"

"తొమ్మిది రోజులండీ. ఆ తర్వాత నీరు పెట్టినా గింజ పాలు పోసుకోదు."

ఆమె నీటి పటం తెరిచింది. "ఇకనుంచి ఎవరి తెరలో వాళ్ల చేను ఒక్కటే కనబడాలి. కందకం పూడిస్తే నీ చేనుకు ఇంత నీరొస్తుంది అని చూపించు. అందరికీ పచ్చగా."

"అందరికీ కుదరదండీ. పుచ్చుకోవాలంటే ఎవరో ఒకరు ఇవ్వాలి."

"తెలుసు."

"అబద్ధం చెప్పమంటున్నారా అండీ?"

ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె ఒక్క అంకె దిద్ది ఎరగదు. "అవును" అంది. ఆ రోజు అన్నం తినలేదు. తిన్నారా అని పొలకాపు అడిగితే మొహం తిప్పుకుంది.

మూడో రోజున పూడ్చడం మొదలైంది. పక్కవాడికి తెలియని లాభమేదో తమకే దొరికినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గబగబా మట్టి తోశారు. ఆరో రోజుకి లోయలో ఒక్క కందకం మిగల్లేదు. తెగిన దారాలు మళ్లీ అల్లుకున్నాయి. ఎనిమిదో రోజు పడమటి చేలల్లో ఆకు విచ్చుకుంది.

పంట నూర్చిన రోజు గెమెచు కళ్లంలో ఊరంతటికీ విందు. మందాకిని వెళ్లలేదు. వాళ్లకు ఆశ చూపించి మోసం చేసింది. ఏ మొహంతో వెళ్తుంది? పైగా వాళ్లు ఇంత సులువుగా మోసపోయారన్న చులకన కూడా మనసులో ఒక మూల ఉంది. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

మధ్యాహ్నం చల్తు వచ్చింది, దోసిట్లో వేయించిన గోధుమలతో.

"నీ తెర అబద్ధం చెప్పింది" అంది, కూర్చోకుండానే.

మందాకిని పొలకాపు వంక చూసింది.

"నా చేను తలాపున ఊట ఉంది. నలభై ఏళ్లుగా ఆ మట్టి తొక్కుతున్నాను. ఆ చేను ఇంకొకరి దగ్గర నీళ్లు పుచ్చుకుంటుందంటే నేను నమ్ముతానా?"

"మరి ఎందుకు పూడ్చావు?"

"పడమటి చేలు ఎండిపోతుంటే రోజూ చూస్తూనే ఉన్నాను కదా. మొదట తవ్వింది నేనే. ఊరికే పూడిస్తే ఓడిపోయిందంటారు. చేతిలో నీ పచ్చరంగు ఉంటే, లాభం కోసం పూడ్చుకుందిలే అంటారు. దానికి ఎవరూ నవ్వరు."

"మిగతావాళ్లకి కూడా తెలుసా?"

"ఎవరి మట్టి వాళ్లకి తెలియదూ?" చల్తు గోధుమలు ఆమె చేతిలో పోసింది. "కానీ ఎవర్నీ అడగకు. అడిగావంటే మళ్లీ తవ్వాల్సొస్తుంది."

ఆమె గుమ్మం దాటాక పొలకాపు మెల్లగా అడిగింది: "అసలు పటం మళ్లీ పెట్టమంటారా అండీ?"

"వద్దు" అని మందాకిని లేచి, శాలువా కప్పుకుని కళ్లం వైపు నడిచింది. ఆమెను చూసి రైతులు జరిగి చోటిచ్చారు. నీటి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా తలవంచుకుని తింది.