ఐసు ఫ్యాక్టరీ ఎత్తు మీద మిస్సింగ్

ఐసు ఫ్యాక్టరీ పక్కన ఉన్న ఎత్తురోడ్డుకి మంచిపేరు ఎప్పుడూ లేదు.

పగలు చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ఒక పక్క నాచు పట్టిన పొడవాటి గోడ, ఇంకో పక్క మురుక్కాలవ, మధ్యలో లారీలు అరగదీసిన రోడ్డు. కానీ చీకటి పడితే మాత్రం మనుషులు అటు పోరు. పోక తప్పకపోతే మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా పోతారు. ఎవరో మూలుగుతారని ఒకరంటారు, గోడ పక్కన ఎవరో వంగి నిలబడి ఉంటారని ఇంకొకరంటారు... స్వయంగా చూసినవాడెవడయ్యా అని అడిగితే అందరూ పక్కవాణ్ణి చూపిస్తారు. ఆ పక్కవాడేమో ఎప్పుడూ ఊళ్ళో ఉండడు.

ఒక్క సంగతి మాత్రం నిజం. పెద్ద మేస్త్రీ పోయింది అక్కడే.

పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ సొంత అన్నదమ్ములు. ఇద్దరూ కలిసి కార్లు బాగుచేసే షెడ్డు నడిపేవారు. ఒకరోజు సాయంత్రం ఆ ఎత్తు మీద ఎవరిదో వ్యాను ఆగిపోతే ఇద్దరూ వెళ్ళారు. పెద్దవాడు వ్యాను కిందికి దూరాడు. వ్యాను వెనక్కి దొర్లింది. ఇంటికి చిన్నవాడొక్కడే తిరిగొచ్చాడు.

చక్రాల వెనక రాళ్ళు పెట్టుకోవడం అన్నయ్యే మరిచిపోయాడని పలకరింపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పొద్దున్నే వదినతో ఏదో గొడవపడి వచ్చాడు, ధ్యాస ఎక్కడుంది మనిషికి — అని కూడా అన్నాడు.

ఆ రెండో మాట వదినను కాల్చేసింది. మొగుణ్ణి పొట్టన పెట్టుకుందన్నారు. అత్తగారు ఒకే ఇంట్లో ఉంటూ ఆమె చేతి మంచినీళ్ళు ముట్టుకోవడం మానేసింది, ఆమెతో మాటా మానేసింది. వదిన ఎవరికీ జవాబు చెప్పలేదు. మరిదిని మాత్రం ఒకసారి వంటింటి గుమ్మంలో ఆపి, గొడవపడ్డామని నీకెవరు చెప్పారు అని అడిగింది. అన్నయ్యే చెప్పాడన్నాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి పక్కకి తప్పుకుంది. ఆ చూపు చిన్న మేస్త్రీకి నచ్చలేదు.

అక్కడ నిజంగా ఏం జరిగిందో తెలిసినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే. చెప్పే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు.

అన్నయ్య పాత కారు అతని చేతికొచ్చింది. వదినే తాళాలు తెచ్చి ఇచ్చింది. తను పనిచేసే కుట్టుపని దుకాణం నుంచి సాయంత్రాలు ఇంటికి తీసుకొస్తే చాలంది. ఆ దారి ఐసు ఫ్యాక్టరీ ఎత్తు మీంచే పోతుంది. ఏం చేస్తాడు... సరే అన్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. చలి మొదలయ్యాక ఒకరోజు ఎత్తు సగం ఎక్కగానే ఇంజిన్ మిస్ కొట్టింది.

నాలుగు సిలిండర్లలో ఒకటి పలకడం మానేసింది. టక్, టక్, టక్... ఖాళీ. టక్, టక్, టక్... ఖాళీ. బండి అంతా వణికింది. ఎలాగో ఎత్తు దాటించాడు. ఆవలి వీధిలోకి వచ్చి కాస్త దూరం పోయేసరికి నాలుగూ కుదురుగా పలికాయి, అసలేమీ జరగనట్టు.

మర్నాడు షెడ్డులో బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత పాతబడిందని దాన్నీ మార్చి కొత్తది బిగించాడు. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. పీకినప్పుడు ఇంజిన్ శబ్దం మారకపోతే ఆ సిలిండరే దొంగ. ఏది పీకినా శబ్దం మారింది. అంటే దొంగ లేడు.

ఆ సాయంత్రం బండి ఎత్తు బాగానే ఎక్కింది. కానీ మర్నాటి సాయంత్రం మళ్ళీ అదే. టక్, టక్, టక్... ఖాళీ.

కార్బొరేటర్ విప్పి కడిగాడు. కాయిల్ మార్చాడు. టైమింగ్ సరిచూశాడు, కంప్రెషన్ చూశాడు, పెట్రోలు గొట్టాలు ఊది చూశాడు. మూత జోలికి మాత్రం మళ్ళీ పోలేదు, కొత్తది కదా అని. ఒకసారి అయిపోయిందనుకున్న పనిని తిరిగి చూసుకునే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు. షెడ్డులో బండి పిల్లిలా గుర్రుమనేది. రాత్రి ఇంటి ముందు పెట్టి, మళ్ళీ సాయంత్రం ఆ గోడ దగ్గరికి తీసుకొస్తే... ఖాళీ.

ఇంకొకరి బండైతే చిటికెలో చెప్పేవాడేమో. కానీ అతని చెవికి అది ఇంజిన్ శబ్దంలా వినిపించడం మానేసింది. మూడు మాటలు అడిగి, జవాబు కోసం ఎవరో ఆగినట్టు వినిపించేది.

వెనక సీట్లో వదిన కుట్టుబట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎత్తు దాటుతున్నప్పుడల్లా మెల్లిగా అడిగేది, ఇక్కడికి వచ్చేసరికే ఎందుకిలా అవుతోంది చిన్నా అని. అతనికి ఒళ్ళు మండేది. ఆ మంట కింద చలి కూడా వేసేది.

నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూస్తే ఆ సాయంత్రమే. అన్నదమ్ములకి పనిలో ఒక పద్ధతి ఉండేది. బండి కిందికి దూరే ముందు పెద్దవాడు, "రాళ్ళు పెట్టావా?" అని అడుగుతాడు. చిన్నవాడు, "పెట్టానన్నా," అంటాడు. అయినా పెద్దవాడు వెళ్ళి రాయిని కాలితో తన్ని చూసి మరీ దూరేవాడు. ఇన్నేళ్ళ నుంచి పక్కనున్నా నన్ను నమ్మవేం అని ఆ వారమే షెడ్డులో పెద్ద పేచీ పెట్టుకున్నాడు చిన్నవాడు, మనుషుల ముందే. పెద్దవాడు నొచ్చుకున్నాడు.

అందుకే ఆ సాయంత్రం తన్ని చూడలేదు.

మిస్సింగ్ ఎంతకీ పోలేదు. చివరికి ఒకరోజు ఎత్తు మధ్యలో బండి కదలనని మొరాయించింది. బ్రేకు లాగాడు. ఇంజిన్ ఆగలేదు గానీ దగ్గుతోంది. ఫ్యాక్టరీ గోడ మీంచి తెల్లటి తుంపర దిగి రోడ్డంతా కమ్మేసింది.

"షెడ్డులో వెతికితే ఏం దొరుకుతుంది?" అంది వదిన వెనక నుంచి. "మీ అన్నయ్య ఇలాంటప్పుడు దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో బానెట్ తీసి చూసేవాడు. దిగి చూడు."

దిగాలని లేదు. కానీ ఆడమనిషి ముందు భయమని ఎలా చెప్తాడు? దీపాలు ఆర్పి దిగాడు. బానెట్ ఎత్తాడు.

చీకటి... తడి వాసన... కుంటుతున్న ఇంజిన్.

అప్పుడు కనిపించింది. ఇంజిన్ మీద నీలం మంట పాకింది. సన్నగా దారంలా వచ్చి, వంకర తిరిగి ఆరిపోయింది. మళ్ళీ పాకింది. చిటచిటమంది.

కరెంటు లీకు — అని అతని బుర్రలో మెకానిక్ అన్నవాడు ఒక్క క్షణం అనుకున్నాడు. మరుక్షణం తలెత్తాడు.

గోడ పక్కన ఎవరో ఉన్నారు.

తల మీంచి దుప్పటి కప్పుకుని, కాస్త వంగి... తుంపరలో ముఖం తెలియడం లేదు. కదలడం లేదు. ఇటే చూస్తున్నారు.

చిన్న మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక నుంచి, చాలా నెమ్మదిగా, గుసగుసగా వినిపించింది —

"రాళ్ళు పెట్టావా?"

"పెట్టానన్నా."

నోరు దానంతటదే అనేసింది. అన్నాక ఆ మాట తన చెవిన పడింది. రోడ్డు మీద కూలబడ్డాడు.

"లేదన్నా... పెట్టలేదు," అన్నాడు గోడ వైపు చేతులు జోడించి. "ఫోన్లో మాట్లాడుతున్నాను. నువ్వడిగావు, పెట్టానన్నాను. మాట అయ్యాక పెడదాంలే అనుకున్నాను... నువ్వు ఈసారి చూసుకోకుండా దూరేశావు. వదినతో గొడవ లేదు, ఏమీ లేదు. అది నేనే కల్పించాను. నన్ననుకోకుండా ఇంకెవర్నైనా అనుకుంటారని... నన్ను వదిలెయ్ అన్నా."

ఇంజిన్ ఆగిపోయింది. టార్చి వెలిగింది.

తాళంచెవి చేత్తో పట్టుకుని వదిన నిలబడి ఉంది. అడిగింది తనేనని ఆమె దాచలేదు. టార్చి అతని చేతికిచ్చి పట్టుకోమంది. సంచిలోంచి డిస్ట్రిబ్యూటర్ మూత తీసింది. అతను షెడ్డులో బిగించిన కొత్త మూత అదే. ఇంజిన్ మీదున్న మూతను ఊడదీసి, దాని పక్కనున్న వెంట్రుకంత పగులు వెలుతుర్లో చూపించింది. పొడిగా ఉన్నంతసేపూ ఈ పగులు ఏమీ అనదు, ఇక్కడ ఫ్యాక్టరీ వాళ్ళు నీళ్ళు చల్లార్చే తుంపర తగలగానే కరెంటు ఇందులోంచి జారిపోతుంది — అని చెప్పింది. మొదటి రోజు మిస్ కొట్టింది పాత మూత వల్లే, అది ఆమె చెయ్యలేదు. అతను కొత్తది పెట్టిన రాత్రే ఆమె దాన్ని తీసేసి, మొగుడి సామాన్లలో ఉన్న ఈ పగిలిన మూతను కడిగి పెట్టింది. మొగుడు ఇంటి ముందు బండి చూసుకుంటున్నప్పుడల్లా టార్చి పట్టింది ఆమే మరి.

వైర్లన్నీ వరస తప్పకుండా కొత్త మూతకి మార్చింది.

చిన్న మేస్త్రీ ఆమె ముఖంలో జాలి కోసం వెతికాడు. ఇసుమంత కూడా లేదు.

"మొగుణ్ణి చంపుకున్నదాన్ని అన్నారు నన్ను," అంది. "నువ్వు పక్కన కూర్చుని వింటూ, నేను వండిన అన్నం తిన్నావు. ఆయన్ని చంపావని కాదురా... అది పొరపాటు, ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ అన్నం తిన్నావే, అందుకు."

గోడ పక్కనున్న మనిషి అప్పుడు కదిలింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెలుతుర్లోకి వచ్చి, తల మీది దుప్పటి తీసింది.

అమ్మ.

పెద్దబ్బాయి గొంతు ఆ ఎత్తు మీద వినిపిస్తోందని పెద్దకోడలు చెబితే, ఒక్కసారి వింటానని వచ్చిందట. పొద్దు గుంకకముందే వచ్చి ఫ్యాక్టరీ కాపలావాడి గదిలో కూర్చుందట. ఆమె కొడుకు గొంతు వినిపించిన మాట నిజమే, కాకపోతే పెద్దవాడిది కాదు.

"అమ్మా," అన్నాడు.

ఆమె అతని పక్కనుంచే నడిచింది. అక్కడ మనిషి ఉన్నట్టే చూడలేదు. పెద్దకోడలి దగ్గర ఆగి, గ్రీసు అంటిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఆమెతో మాట్లాడింది.

"నీ చేత్తో కాసిని నీళ్ళిస్తావా తల్లీ," అంది.

వదిన ఏడ్చింది. ఇద్దరూ ముందు సీట్లలో కూర్చున్నారు. వదినకి డ్రైవింగ్ పెద్ద మేస్త్రీ ఎప్పుడో నేర్పాడు. కారు ఎత్తెక్కి మలుపు తిరిగి పోయింది.

చిన్న మేస్త్రీ ఆ చీకట్లో ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. తర్వాత నడిచి ఇంటికొచ్చాడు. బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. కాళ్ళు పట్టుకుందాం, నాలుగు దెబ్బలు కొడితే కొట్టనీ, అమ్మ కదా... అనుకున్నాడు.

లోపల దీపం వెలుగుతోంది. కంచాల చప్పుడు, అమ్మ గొంతు, వదిన గొంతు. తలుపు తట్టాడు.

లోపల మాటలు ఆగాయి.

"అమ్మా, నేను... చిన్నోణ్ణి. తలుపు తియ్యమ్మా."

ఎవరూ కదల్లేదు. మళ్ళీ తట్టాడు, మళ్ళీ పిలిచాడు. కాసేపటికి వదిన గొంతు మెల్లిగా వినిపించింది.

"ఎవరో పిలుస్తున్నారత్తయ్యా."

"పలక్కమ్మా," అంది అమ్మ. "చచ్చినవాళ్ళు చీకటి పడ్డాక ఇలాగే వస్తారు. మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తారు."

దీపం ఆరిపోయింది.