తొమ్మిది పేర్లు, ఒక పాస్‌వర్డ్

బస్సు దిగి మూడడుగులు వేశాడు, రహస్య సంకేతాలు చూసే సైఫర్ ఆఫీసర్. నాలుగో అడుగు పడలేదు.

వెనకనుంచి ఎవరో తోసుకుంటూ పోయారు. మెడ దగ్గర చీమ కుట్టినట్టు అనిపించిందేమో, చెయ్యి అక్కడికి వెళ్లింది. అంతే, భుజాన సంచీతో సహా ఫుట్‌పాత్ మీద కూలబడిపోయాడు. ఉదయం ఎనిమిదిన్నర, ఆఫీసులకు పరిగెత్తే జనం. చూసినవాళ్లు గుండెపోటు అన్నారు. ఆస్పత్రివాళ్లూ అదే రాశారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు చూసినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ డాక్టరొక్కడే. అతను ఎక్కడా ఏదీ రాయడు.

మర్నాడు తొమ్మిదింటికి డిపార్ట్‌మెంట్ అధిపతి పెద్దాయన గదిలో బ్రీఫింగ్. ఆ గది బయట ‘స్టేషనరీ స్టోర్’ అని బోర్డుంటుంది. లోపల ఒక టేబుల్, రెండు కుర్చీలు. రెండో కుర్చీలో చిన్నక్క కూర్చుంది. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఆమె అసలు పేరు పిలిచి ఇరవై ఏళ్లయింది. నలభై ఆరేళ్ల మనిషి. జనంలో నిలబడితే కన్నతల్లి కూడా వెతుక్కోవలసిన మొహం. ఊళ్లో పదకొండేళ్లుగా కంప్యూటర్ మెకానిక్‌గా చలామణీ అవుతోంది. ఆ పని నిజంగానే వచ్చు.

పెద్దాయన విషయం క్లుప్తంగా చెప్పాడు. సైఫర్ ఆఫీసర్ తన తల్లికి జ్వరమని పదిహేను రోజుల కిందట ఇంటినుంచి పని చేస్తానన్నాడు. సరేనన్నది పెద్దాయనే. అలా ఒక ఫైలు అతని సొంత కంప్యూటర్‌లోకి వెళ్లింది. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న మన మనుషుల పేర్లూ అడ్రసులూ, మొత్తం తొమ్మిది. ఫైలుకు తాళం ఉంది. కానీ అవతలి ముఠా ఎలాగో ఆ కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం దూర్చింది. బస్తాను ఎలుక కొరికినట్టు అది పద్నాలుగు రోజులుగా ఆ తాళాన్ని కొరుకుతోంది. ఈ మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు తాళం ఊడుతుంది. ఊడిన మరుక్షణం తొమ్మిది పేర్లూ ముఠా చేతికి పోతాయి.

“ప్లగ్ పీకేస్తే?” అంది చిన్నక్క.

“దానికో కవల మెషీన్ ఉంది, ఇంకేదో దేశంలో. ఇది పది నిమిషాలు పలక్కపోతే అది పని అందుకుంటుంది. కాకపోతే ఇక్కడి సెట్టింగ్స్ ఎలా ఉంటే అదీ అలాగే మార్చుకుంటుంది. ఫైలు ఏ అడ్రసుకు పోవాలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో లోపలెక్కడో రాసుంది. అది మార్చి మన అడ్రసు పెట్టు.”

“అంతేనా?”

“అంతే. మొన్న అతను మార్చబోయాడు. చేతకాక, నిన్న ఏదో మాట్లాడాలని నాకు ఫోన్ చేసి బస్సెక్కాడు.” పెద్దాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. “లిస్టులో నాలుగో పేరు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.”

అక్కర్లేదు. నాలుగో పేరు ఆమె తమ్ముడిది. అక్కడ ఒక చిన్న ఊళ్లో గడియారాలు బాగుచేసుకుంటూ ఆరేళ్లుగా బతుకుతున్నాడు. ఉత్తరం రాయకూడదు, ఫోన్ చెయ్యకూడదు. ఉన్నాడంటే ఉన్నాడని నమ్మడమే.

ఇంటి తలుపు తీసేది నెమలి అన్నాడు పెద్దాయన. సైఫర్ ఆఫీసర్ భార్య కోడ్ నేమ్ అది. విదేశీ వర్తక సంస్థలో దుబాసీ. ముఠాకు పనిచేస్తున్నట్టు నటిస్తూ మూడేళ్లుగా మనకు కబుర్లు చేరవేస్తోంది. వర్క్‌షాప్‌వాళ్లు చిన్నక్కకు నీలం కోటూ, పనిముట్ల సంచీ, చెవిలో కనపడని ఇయర్‌పీసూ, ఒక కరెంటు టెస్టరూ ఇచ్చారు. టెస్టర్ చివర, నొక్కితే ఎగిరే మత్తు సూది ఉంది. ఒక్కటే.

పదీ నలభైకి ఆమె మూడో అంతస్తులో బెల్లు కొట్టింది.

“కంప్యూటర్ స్లో అయిందని ఫోన్ చేశారు.”

“స్లో కాదు, మొండికేసింది” అని కోడ్ ప్రకారం జవాబు వచ్చింది.

నిన్న మొగుడు పోయిన మనిషి. శవం ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. తెల్లచీర కట్టుకుంది, నగ ఒక్కటీ లేదు, అయినా గదిలోకి దీపం పట్టుకొచ్చినట్టుంది. ఏడ్చిన కళ్లే. కాటుక మాత్రం చెదరలేదు. చిన్నక్క అది చూసింది, తప్పు పట్టలేదు. మొహం చెదరనివ్వకపోవడం ఈ ఉద్యోగంలో నేర్పే మొదటి పాఠం.

కంప్యూటర్ ముందు గదిలో కిటికీ పక్కన ఉంది. పక్కన ఎత్తు కుర్చీ, కుట్టుమిషను, మడత పెట్టిన బట్టలు. నెమలి భర్త పాస్‌వర్డ్ చెప్పింది. చిన్నక్క లోపలికి వెళ్లి, సెట్టింగ్స్ పొరలు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయి, పదకొండు కాకుండానే ఆ అడ్రసున్న చోటు పట్టుకుంది. మార్చబోతే తెర మీద రెండు మాటలు. యాక్సెస్ డినైడ్.

రైట్ క్లిక్ చేసి, మెషీన్ మీద పూర్తి అధికారమున్న అడ్మినిస్ట్రేటర్‌గా తెరవబోయింది. చిన్న పెట్టె ఒకటి పైకి వచ్చింది. అడ్మినిస్ట్రేటర్ ఖాతా పేరు: అమ్మ. పాస్‌వర్డ్?

“ఇదేమిటి?”

“ఆయన చాదస్తం” అంది నెమలి. “అత్తయ్య పేరు మీద పెట్టారు. ఆవిడకి మౌస్ పట్టుకోవడం కూడా సరిగా రాదు. నిన్నటినుంచీ ఒకటే ఏడుపు, నిద్రమాత్రలు వేసి పడుకోబెట్టాను. సాయంత్రం దాకా లేవరు. ఆయన పుట్టినరోజు కొట్టి చూడండి.”

కొట్టింది. తప్పు. మా పెళ్లిరోజు కొట్టండి అంది నెమలి. అత్తగారి పాస్‌వర్డ్‌లో కోడలి పెళ్లిరోజు ఉండే ఇల్లు చిన్నక్క ఎక్కడా చూడలేదు, అయినా కొట్టింది. అదీ తప్పే. మూడోసారి కూడా తప్పితే అరగంటసేపు ఖాతా మూసుకుపోతుందని తెర మీద హెచ్చరిక పడింది. గడియారం పదకొండూ ఇరవై ఎనిమిది.

“నన్ను కొట్టనివ్వండి, నాకు గుర్తొచ్చింది” అని నెమలి వంగింది. చిన్నక్క ఆమె మణికట్టు పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో తనకే తెలియదు. సాయం చేసేవాళ్లు మూడో దెబ్బకి ఇంత తొందరపడరు.

“ఆలోచించుకోనివ్వమ్మా” అంది మామూలుగా.

అప్పుడే నెమలి ఫోన్ మోగింది. పలకరింపుకు ఎవరో వచ్చారు, కిందనుంచే పంపించేసి వస్తానని చెప్పి, హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని వెళ్లింది. కిందికి వెళ్లి మాట్లాడి వచ్చేదానికి హ్యాండ్‌బ్యాగ్ ఎందుకో.

చిన్నక్క వెనకగది తలుపు తోసింది.

పెద్దావిడ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఎండుపుల్లలా ఉంది. గుప్పిట విప్పి చూపించింది. అరచేతిలో రెండు తెల్లమాత్రలు, సగం కరిగి అతుక్కుపోయి ఉన్నాయి.

“ఎవరు నువ్వు?”

“మెకానిక్‌నండి పిన్నిగారూ. కంప్యూటర్‌కి మీ పాస్‌వర్డ్ ఒక్కసారి కొట్టి పెడితే…”

“దేనికి?”

ఇలాంటప్పుడు చెప్పడానికి చిన్నక్క దగ్గర అబద్ధాలు వరసగా పేర్చి ఉంటాయి. చేతికందిన మొదటిది తీసింది. “ప్రింటర్ పెట్టడానికండి.”

పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. “పోయినసారి మా కోడలూ ప్రింటర్ అనే అంది. జ్వరంలో ఉన్నాను. ‘అత్తయ్యా, ఒక్కసారి మీ అక్షరాలు కొట్టండి’ అని కుర్చీలో కూర్చోబెట్టింది. కొట్టాను. పదిహేను రోజులైంది. ప్రింటర్ ఏదీ?”

చిన్నక్క మెడ తిప్పి ముందుగదిలోకి చూసింది. ఆ ఇంట్లో ప్రింటర్ లేదు.

పద్నాలుగు రోజులుగా ఆ తాళాన్ని కొరుకుతున్నదానికి తలుపు ఎవరు తీశారో అప్పుడు తెలిసింది. మూడేళ్లుగా ఎవరికి ఎవరు కబుర్లు చేరవేస్తున్నారో కూడా.

పెద్దావిడ చెప్పుకుపోతోంది. మొదటినుంచీ ఆ ఇంట్లో బీరువా తాళాలు ఆవిడ దగ్గరే. కంప్యూటర్ కొన్నప్పుడు కొడుకు దీని తాళం కూడా నీ దగ్గరే పెట్టుకో అన్నాడట. రోజూ పని చేసుకునే ఖాతాకి అధికారం ఇవ్వకూడదు, ఎవడైనా దూరినా గుమ్మంలోనే ఆగిపోతాడు అని ఆవిడకి నేర్పాడు. మొన్న రాత్రి భోజనాల దగ్గర, రేపు సాయంత్రం నీతో ఒక పనుందమ్మా, పాస్‌వర్డ్ కొట్టాలి అన్నాడు. కోడలు అక్కడే వడ్డిస్తోంది.

“ఎందుకో చెప్పకుండా అడిగితే ఇంక కొట్టను” అంది పెద్దావిడ. “అబద్ధం చెబితే అసలే కొట్టను.”

పదకొండూ ముప్ఫై ఏడు. చిన్నక్క మంచం అంచున కూర్చుంది. ఆవిడ కళ్లకు సమానంగా ఉండే ఎత్తు అదే. కొడుకు గుండెపోటుతో పోలేదని చెప్పింది. ఎవరు చంపించారో చెప్పింది. ఆవిడ కొట్టిన అక్షరాలు ఏ తలుపు తీశాయో, తొమ్మిది మంది ఏమవుతారో, ఇంకెంత టైముందో చెప్పింది. ఏ మాటా మెత్తబరచలేదు.

పెద్దావిడ ఏడవలేదు. మాత్రలు చెంగుకు తుడుచుకుంది.

“ఇందులో నీకేమిటి?”

“ఆ తొమ్మిది మందిలో ఒకడు నా తమ్ముడు.”

“చిన్నవాడా?”

“నాకంటే ఆరేళ్లు.”

“పద” అని లేచింది.

ఎత్తు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, వెనక్కి చూసింది. “అటు తిరుగు.”

పరాయి దేశాల రహస్యాలు ఇరవై ఏళ్లు దొంగిలించిన మనిషి గోడ వైపు తిరిగి నిలబడింది. ఒక్కో అక్షరానికీ ఒక్కో టక్కు వినిపించింది. కుట్టుమిషను కన్నా నిదానం. టక్కులు ఆగాయి. కంప్యూటర్ తలుపు తెరుచుకుంది.

అయినా అడ్రసు కదల్లేదు. మళ్లీ యాక్సెస్ డినైడ్. చిన్నక్క పర్మిషన్లు తెరిచి చూస్తే ఆ సెట్టింగ్‌కు ఓనర్ ఇంట్లోవాళ్లెవరూ కారు. పొడుగాటి అంకెల పేరుతో ముఠా పెట్టిన దొంగ ఖాతా. ఇంట్లో దూరినవాడు గదికి సొంత తాళం వేసుకుని కూర్చున్నాడు. ముందు ఓనర్‌ని మార్చాలి. ఆ తర్వాత ఆ కొత్త ఓనర్‌కి ఫుల్ కంట్రోల్, అంటే పూర్తి అధికారం, ఇవ్వాలి. అప్పుడే అక్షరం మారుతుంది. అడుగడుగునా మెషీన్ పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఓనర్ అన్న గడిలో చిన్నక్క ‘అమ్మ’ అని కొట్టింది. పెద్దావిడ పాస్‌వర్డ్ కొట్టింది. ఫుల్ కంట్రోల్ పక్కన టిక్కు. మళ్లీ పాస్‌వర్డ్. పదకొండూ యాభై ఏడు. చిన్నక్క ముఠా అడ్రసు చెరిపేసి పెద్దాయన అడ్రసు కొట్టింది. ఆఖరి పెట్టె పైకి వచ్చింది.

“అత్తయ్యా, కుర్చీలోంచి లేవండి.”

గుమ్మంలో నెమలి. చేతిలో చిన్న పిస్తోలు, మూతికి సైలెన్సర్. గొంతులో కోపం లేదు, అన్నానికి పిలిచినట్టే పిలిచింది.

పెద్దావిడ తల తిప్పలేదు. “మాత్రలు మింగానో లేదో చూసి వెళ్లాల్సింది. కోడలిచ్చిన మాత్ర కళ్లు మూసుకుని మింగే అత్త ఎక్కడుంటుందే?”

“లేవండి. మీ మీద నాకు పగేం లేదు.”

“వాడి మీద ఉందా?”

నెమలి పిస్తోలు ఆవిడ తలకు గురిపెట్టింది.

“ప్రింటర్ ఎప్పుడొస్తుందమ్మా?” అంది పెద్దావిడ, ఎంతో నెమ్మదిగా.

నెమలి పెదవులు విడివడ్డాయి. మూడు భాషల్లో తడుముకోకుండా అబద్ధమాడగల మనిషికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు. పిస్తోలు అరంగుళం కిందికి దిగింది. చిన్నక్క టెస్టర్ నొక్కింది. సూది నెమలి భుజంలో దిగింది, పిస్తోలు పేలింది, గుండు కుట్టుమిషను చెక్కలోకి పోయింది. నెమలి గోడకు జారి నేల మీద కూర్చుండిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

“ముప్ఫై సెకన్లు” అన్నాడు పెద్దాయన ఇయర్‌పీస్‌లో.

పెద్దావిడ కొట్టింది. చివరి అక్షరం తప్పింది. ఇన్‌కరెక్ట్ అంది తెర. నేను కొడతాను చెప్పండి అనే మాట చిన్నక్క నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నిదానంగా, పిన్నిగారూ.”

“నిదానంగానే కొడతాను. పోయినసారి అది తొందర పెడితేనే కొట్టాను.”

పదకొండు సెకన్లు. పది. టక్కు. టక్కు. ఆరు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కొడుతోంది. మూడు. ఎంటర్.

పన్నెండు.

తెర మీద ఫైలు వెళ్లిందన్న చిన్న మాట కనిపించి మాయమైంది. ఇయర్‌పీస్‌లో కాగితం కదిలిన చప్పుడు, తర్వాత పెద్దాయన ఊపిరి. “తొమ్మిదీ నా ముందున్నాయి. అటు ఒక్కటీ పోలేదు.”

అక్కడ గడియారాల కొట్లో ఒకడు ఏదో స్ప్రింగు సరిచేస్తూ ఉండి ఉంటాడు. అతనికి ఇదేదీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. చిన్నక్క వంగి పిస్తోలు తీసి సంచీలో వేసుకుంది.

పెద్దావిడ కుర్చీలోనే ఉంది. “బతికే ఉందా?”

“ఉంది. మావాళ్లు వస్తున్నారు, తీసుకుపోతారు.”

“నేను కొట్టినందుకే కదా నా బిడ్డ పోయాడు?”

అలా ఎందుకనుకుంటారండీ అని చెప్పడానికి ఏ ఇరుగుపొరుగైనా చాలు. చిన్నక్కకు ఆ మాట రాలేదు.

“అవునండీ.”

ఆవిడ తల ఊపింది. “కాదంటావేమో అనుకున్నాను.” ఆస్పత్రికి ఎన్ని గంటలకు రమ్మన్నారో కనుక్కోమంది. సంతకం ఎవరు పెట్టాలో కూడా కనుక్కోమంది. ఇంట్లో ఇంక తను తప్ప ఎవరూ లేరు.

వారం తర్వాత చిన్నక్క టేబుల్ మీదికి ఆడిట్ సెక్షన్ నుంచి మూడు కాపీల ఫారం వచ్చింది. ‘రక్షిత సిస్టమ్ సెట్టింగ్స్ మార్పు: అనుమతి ఇచ్చిన అధికారి హోదా తెలుపవలెను.’ ఆమె ‘అత్తగారు’ అని రాసి పంపింది. హోదా మీద ఎవరికీ అభ్యంతరం లేదు గానీ, ఆఫీసు ముద్ర వేయలేదని మూడు కాపీలూ వెనక్కి వచ్చాయి.