ఎక్కడికని అడగని ఇల్లు

ఆదివారం పొద్దున్నే దాలమ్మ వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసి, విసనకర్రతో విసురుతూ కూర్చుంది. చలికాలం భుయ్యాడీహ్ బస్తీలో ప్రతి గుమ్మం ముందూ ఇదే పొగ. అది కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా సువర్ణరేఖ ఏటికి అవతల దల్మా కొండ కనబడుతుంది. దాలమ్మ మాత్రం ఏడాదిగా అటు వీపు పెట్టే కూర్చుంటోంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు బలరామ్‌ను మింగింది ఆ కొండే.

ఆమె పెనిమిటి భీమారావు కార్ఖానాలో రిగ్గరు. బరువైన యంత్రాలకు తాళ్లు కట్టి పైకి లేపే పని. ఆ తాళ్ల విద్య తెలిసినవాళ్లు కొందరు కలిసి ఒక జట్టు కట్టారు. పిక్నిక్‌కని దల్మా ఎక్కి దారి తప్పినవాళ్లనీ, లోయలో జారిపడ్డవాళ్లనీ వెతికి దింపుతారు. జీతం లేదు, బత్తెం లేదు. కబురొస్తే చాలు, భీమారావు కంచం ముందు నుంచైనా లేచిపోయేవాడు. "ఇంట్లో దీపం పెట్టే తీరిక లేదు గానీ, ఊరందరికీ దివిటీ పడతాడు" అని దాలమ్మ ఎత్తిపొడిచేది. లోపల మాత్రం కాస్త గర్వంగానే ఉండేది.

కొడుకు పోయాక ఆ తాడు అటకెక్కింది. ఆమెకు మిగిలిన ఊరట అదొక్కటే.

టీ పొంగుతుండగా జట్టులోని చిన్నారావు సైకిలు గోడకు చేరేసి పరిగెత్తుకొచ్చాడు.

"భయ్యా, జల్దీ రా! పిక్నిక్కి ఎల్లిన గుంటడొకడు నిన్న కొండ దిగలేదట. జీపు రోడ్డు మీదుంది. లోయలోకి దిగడానికి నువ్వు తప్ప ఇంకెవులూ లేరు."

భీమారావు లోపలికి నడిచాడు. స్టూలు ఎక్కి అటక మీంచి తాడు తీశాడు. దాలమ్మ విసనకర్ర విసిరికొట్టి లోపలికొచ్చింది.

"ఏటి సేత్తన్నావు? దాన్ని మళ్లీ ముట్టనన్నావు కదా?"

"సిన్న గుంటడే. బతికే ఉంటాడేమో."

"నా గుంటడూ అప్పుడు బతికే ఉన్నాడు!" నిప్పులు చెరిగింది దాలమ్మ. "ఊరోళ్ల బిడ్డలందరికీ అందిన తాడు నా బిడ్డకి అందలేదు. ఆడు కొండలో పడున్నప్పుడు నువ్వేటి సేసినావు? జుగ్సలాయి బజారు సందుల్లో తిరిగినావు!"

"తిరిగినాను. ఏటొడ్డంతా ఎతికినాను. దగ్గరే అన్నాడని నువ్వు సెప్పినావు కదే!"

అనేసి భీమారావు నాలుక కరుచుకున్నాడు. ఏడాదిగా పెదవి దాటనివ్వని మాట అది. చిన్నారావు తల దించుకుని వీధిలోకి జరిగిపోయాడు.

దాలమ్మ ఉన్నచోటే చతికిలబడింది. ఆ ఇంట్లో బయలుదేరే మనిషిని "ఎక్కడికి?" అని అడగడం కీడు. కొత్త కాపురంలో ఒకసారి ఆమె నోరుజారి అడిగితే, భీమారావు చెప్పులు విప్పేసి, వెనక్కొచ్చి మంచినీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని కసిరాడు. అప్పటినుంచీ ఆమె "దూరమా?" అనే అడిగేది. ఆ రోజు సంచీ భుజాన వేసుకున్న కొడుకునీ అలాగే అడిగింది. "దగ్గరేనమ్మా" అన్నాడు వాడు. రోజూ ఎదురుగా కనబడే కొండ వాడికి దగ్గరే మరి. ఊరంతా గాలించాక, కట్టెలు కొట్టేవాడెవడో కొండ మీద సంచీ చూశానని చెప్పాడు. తండ్రి లోయలోకి దిగేసరికి ఒళ్లింకా వెచ్చగానే ఉంది, ఊపిరే లేదు.

"అడగాలనుకున్నానయ్యా" అంది దాలమ్మ. "సంచీ బరువుగా అవుపించింది. ఎక్కడికిరా అన్న మాట గొంతుదాకా వచ్చింది. కీడని మింగేసినాను. నా బిడ్డని నానే సంపుకున్నాను. అది సెప్పుకోలేక నిన్ను ఆడిపోసుకుంతన్నాను."

భీమారావు ఆమె పక్కన కూలబడ్డాడు. "నువ్వు కాదే. అడగొద్దని నీ నోరు నొక్కినోడ్ని నాను. జట్టులోకి ఆడు వత్తానంతే, ముడెయ్యడం కూడా రాదు పోరా అన్నోడ్నీ నానే. ఆ సంచీలో ఏటుందో నీకు సెప్పలేదు. నా పాత తాడు. ఒక్కడూ ఎల్లి నేర్చుకుందారని..."

తాడులో మొహం దాచుకున్నాడు. కొడుకు పోయాక ఆ మొగుడూపెళ్లాలు ఒకరి ఎదుట ఒకరు ఏడవడం అదే మొదలు.

రోడ్డు మీద జీపు హారన్ మోగింది. భీమారావు ముఖం తుడుచుకుని తాడు భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర ఆగిపోయాడు.

"అడగవే."

దాలమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దయ్యా. కీడు."

"జరగాల్సిన కీడు జరిగిపోనాది. నువ్వడిగితే గానీ నాను కదల్ను."

హారన్ మళ్లీ మోగింది. ఆ కొండలో ఎవరి బిడ్డో ఉన్నాడు. దాలమ్మ తలుపు పట్టుకుని లేచి నిలబడింది.

"ఎక్కడికి?"

"దల్మాకి. ఎనకపక్క వాగెంట ఎల్లి, పెద్దబండ కాడ లోయలోకి దిగుతాం. సందేళకి వచ్చేత్తాను. రాకపోతే అక్కడే ఎతకమని సెప్పు."

అతను వెళ్లిపోయాడు. పొయ్యి మీద టీ ఇగిరి మాడిపోయింది. దాలమ్మ గిన్నె దించి, పీట ఇటు తిప్పుకుని, కొండకేసి ముఖం పెట్టి కూర్చుంది.