రెండింతలు కాని వెలుగు

“సార్, ఈ వెలుగు మీ గెలాక్సీది కాదు.”

కోదాడ నుంచి రెండు బస్సులు మారి, చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయి, మిర్యాలగూడ డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కూలబడ్డ శశిధర్‌తో, అతని ల్యాప్‌టాప్‌లోని డేటా పది నిమిషాలు చూశాక రమ్య అన్న మొదటి మాట అది. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

ఆమె అక్కడ ఫిజిక్స్ లెక్చరర్. అతను కోదాడలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతూ ఆరేళ్లుగా పీహెచ్‌డీని ఈడ్చుకొస్తున్నాడు. ఒక రేడియో గెలాక్సీ నడిమధ్యన, బ్లాక్‌హోల్ దగ్గర నుంచి వచ్చే ఎక్స్-రే వెలుగు వారంలో రెండింతలైందన్నదే అతని థీసిస్. “ఇలాంటి డేటా మీద పనిచేసిన రమ్యకు ఒకసారి చూపించు” అని గైడ్ అన్నందుకే ఈ ప్రయాణం.

“మరి ఎవలది మేడం?”

“మన సూర్యునిది. మీరు పెరిగిందన్న రోజు సూర్యుని కణాలొచ్చి శాటిలైట్ కెమెరా మీద పడ్డయి. ఆ రెండు గంటల డేటా మీరు తీసెయ్యలె. తీసేస్తే పెరిగిందేం లేదు, సూడుండ్రి.”

“ఆరేండ్లు మేడం! పది నిమిషాల్ల ఖతం చేసిన్రు.”

“నేను చెయ్యలె సార్. సూర్యుడు చేసిండు.”

నవ్వబోయిన రమ్య అతని కళ్ల కింది నలుపు చూసి ఆగిపోయింది. శశిధర్ ల్యాప్‌టాప్ మూసి లేచాడు. బయట వాన. గొడుగు ఇస్తానన్నా వినకుండా తడుస్తూ వెళ్లిపోయాడు.

మూడు వారాలు ఆమె ఫోన్ చేసినా అతను ఎత్తలేదు. ఆదివారాలు మాత్రం డేటా ముందు కూర్చున్నాడు. ఆ రెండు గంటలు తీసేసి చూశాడు. ఎన్నిసార్లు చూసినా వెలుగు మారలేదు.

చివరికి తనే ఫోన్ చేశాడు.

“మీరే రైటు మేడం. ఇగ బంద్ పెడతా. అలిసిపోయిన.”

“బంద్ పెట్టకు. నేను గూడ గిదే తప్పు జేసిన. రెండేండ్లు పోయినయి. సిగ్గైతదని ఎవ్వలికీ చెప్పలె. వెలుగు మారలేదన్నది గూడ ఫలితమే గదా. గట్లనే రాద్దాం.”

“రాద్దామా? మధ్యల నువ్వెందుకు?”

“నువ్వు ఒక్కనివే రాస్తే ఇంకో ఆరేండ్లు పడతది గనుక.”

ఆరు నెలలు ప్రతి ఆదివారం సూర్యాపేట లైబ్రరీలో కలిశారు. ఇద్దరిలోనూ వారమంతా పాఠాలు చెప్పిన అలసట. ఒకనాడు రమ్య బల్ల మీదే తల వాల్చి నిద్రపోయింది. శశిధర్ లేపలేదు. ఫ్యాన్ ఆమె వైపు తిప్పి ఒక్కడే రాసుకున్నాడు.

థీసిస్ ఇచ్చేసిన రోజు బస్టాండులో అన్నాడు:

“ఇగ ఆదివారాలు ఏం జేద్దాం?”

“పండుకో.”

“రమ్యా, నాకు నువ్వు గావాలె.”

ఆమె చాలాసేపు బస్సుల వైపు చూసింది. తర్వాత వాళ్లమ్మ మోతీబాయికి ఫోన్ కలిపి, “నువ్వే చెప్పు” అని అతని చేతికిచ్చింది.

అతను తడబడుతూ చెప్పాడు. మోతీబాయి అంతా విన్నది.

“మాది లంబాడి తండా, బిడ్డా. మీ నాయిన ఒప్పుకుంటడా?”

“ముందుగాల్నే చెప్పినమ్మా. మూడు రోజులు నాతోని మాట్లాడలె. నాలుగో నాడు, పిల్ల ఏం పాఠం చెప్తదని అడిగిండు.”

అవతల మోతీబాయి బియ్యం గిన్నె తీసిన చప్పుడైంది.

“మా పిల్ల పొద్దున తినకుంటనే పోయింది. ఇద్దరు గలిసి రాండ్రి, అన్నం వండుతా.”