పలచన చేస్తే పెరిగిన అంకె

“మధ్యాహ్నం రెండింటికి పెద్దాయన పొట్ట కోస్తున్నారు,” అన్నాడు చీఫ్. “పాంక్రియాస్‌లో వాపు, ఒళ్ళంతా కామెర్లు. కేన్సరంటున్నారు.”

పెద్దాయన డిపార్ట్‌మెంట్ కోడ్ మాస్టర్. విదేశీ ముఠాలో దూరిన మన తొమ్మిదిమంది ఏజెంట్ల అసలు పేర్లు ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేవు.

“థియేటర్‌లో ముఠా మనిషి ఉన్నాడట. మత్తిచ్చి పేర్లు కక్కిస్తాడు. ఎవడో తెలీదు.”

“వాయిదా వేయించండి సార్.”

“కేన్సర్ కాదని తేలితే తప్ప సర్జన్ ఆగడు. నువ్వు టెక్నీషియన్ వేషంలో లాబ్‌కెళ్ళు. చూడు, అంతే. ఏదీ ముట్టుకోకు.”

ముట్టుకోవద్దంటే ఏజెంట్ పిచ్చుకకు చిన్నప్పటినుంచీ చెయ్యి దురద.

ఆమెకు పెళ్ళై పదకొండు రోజులు. మొగుడు కొనిచ్చిన వాచీలో డిపార్ట్‌మెంట్ వైర్‌లెస్ అమర్చింది. అప్పటినుంచి అది నాలుగు నిమిషాలు వెనకే నడుస్తోంది. అయినా గంటకోసారి మురిపెంగా చూసుకుంటూనే ఉంది.

లాబ్ హెడ్‌ది సినిమా తారను తలదన్నే అందం. నీలం కళ్ళద్దాలు. మన ఇన్‌ఫార్మరే.

“గొడుగు తెచ్చావా?”

“ఎండకి తెచ్చాను.”

కోడ్ కుదిరింది. మేడమ్ రిపోర్ట్ చూపించింది. “ఒంట్లో రక్షణ వ్యవస్థే పాంక్రియాస్ మీద తిరగబడితే రక్తంలో ఐజీజీ-ఫోర్ అనే యాంటీబాడీ పెరుగుతుంది. సాధారణంగా నూట ముప్పై అయిదు దాటుతుంది. ఈయనకి ఇరవై ఆరే. కేన్సరే.”

పిచ్చుక రిపోర్ట్‌లో పైనున్న గడి చూసింది. అన్ని రకాలూ కలిపిన మొత్తం ఐజీజీ ఆకాశాన్నంటుతోంది. ‘పలచన’ అన్న గడిని మాత్రం ఎవరో నీలం సిరాతో కొట్టేశారు.

కాలేజీ ప్రాక్టికల్స్‌లో ఆమె తిట్లు తిన్నది సరిగ్గా ఇక్కడే. ఐజీజీ-ఫోర్ మరీ ఎక్కువుంటే దాన్ని పట్టే రసాయనం, రియాజెంట్, చాలదు. మెషిన్ తికమకపడి తక్కువ చూపిస్తుంది. సీరం పలచన చేస్తేనే నిజం బయటపడుతుంది.

“పలచన చెయ్యలేదేం మేడమ్?”

“కొత్తదానివి. చెప్పింది చెయ్యి.”

“కొత్తదాన్నే. అందుకే అడుగుతున్నా.”

మేడమ్ తలుపు గడియ పెట్టి లిప్‌స్టిక్ తీసింది. మూతలోంచి సూది మెరిసింది.

“ఆ రంగు మీకు నప్పదు,” అంటూ పిచ్చుక చక్రాల స్టూల్‌ని ఒక్క తన్ను తన్నింది. మేడమ్ తూలి పడింది. సూది ఆమె తొడలోనే దిగింది. రెండు క్షణాల్లో గురక.

పిచ్చుక పిపెట్ అందుకుంది. ఒక వంతు సీరం, తొంభై తొమ్మిది వంతుల ద్రావణం. మెషిన్ గిర్రున తిరుగుతుంటే గోళ్ళు కొరుక్కుంది. అంకె వచ్చింది. వందతో హెచ్చవేస్తే రెండు వేలు.

“చీఫ్, రెండు వేలు,” అంది వాచీలోకి.

“ముట్టుకోకన్నానుగా.”

“ముట్టుకున్నా. తిట్లు సాయంత్రానికి దాచండి సార్.”

వాచీలో రెండింటికి ఇంకా మూడు నిమిషాలుంది. అంటే నిజానికి రెండు దాటింది. పరిగెత్తింది.

థియేటర్‌లో పెద్దాయన రెండోసారి మత్తు మాస్క్ పీకి పారేస్తున్నాడు. “నిద్ర నాది. వచ్చినప్పుడు పోతా.”

“ఆపండి,” పిచ్చుక రిపోర్ట్ చాచింది.

సర్జన్ రెండుసార్లు చదివాడు. “ఈ ఒక్క అంకెతో తేల్చలేం. కానీ ముందు చిన్న ముక్క తీసి పరీక్షిద్దాం. ఇవాళ కోసేది లేదు.”

మత్తు డాక్టర్ వెనక తలుపువైపు జారుకున్నాడు. అక్కడ చీఫ్ నిలబడి ఉన్నాడు.

ముక్క పరీక్షలో కేన్సర్ లేదని తేలింది. స్టెరాయిడ్లకు వాపు దిగింది. పెద్దాయన బుర్రలో తొమ్మిది పేర్లూ భద్రం.

కోత ఆగిన రోజు సాయంత్రం మొగుడు అడిగాడు. “ఆఫీసులో ఇవాళ ఏం చేశావోయ్?”

“ఒక చుక్కని పలచన చేశాను.”

“నీళ్ళు కలిపినందుకు కూడా జీతమిస్తారా?”