గుండె చాప్టర్ నోట్స్

"బొటనవేలితో నాడి చూస్తే నీ నాడే లెక్కలోకి వస్తుంది, మహానుభావా!"

నర్సింగ్ ప్రాక్టికల్స్ మొదటి రోజున క్లాసంతా వింటుండగా ఆమె నాతో అన్న మొదటి మాట అది. ఆమె మణికట్టు పట్టుకుని నేను నూట పది అన్నాను. టీచర్ చూస్తే డెబ్బై రెండే వచ్చింది.

"ఇంతకీ నీకెందుకంత దడ?" అంది. అందరూ గొల్లుమన్నారు.

అప్పట్నుంచి ఆమెకు నేను 'నూటపది'నే. మొదట్లో ఒళ్లు మండేది. చివరి ఏడాదికి లైబ్రరీ కిటికీ పక్కన ఒకే బల్ల మీద లైసెన్స్ పరీక్షకు చదువుకునేవాళ్లం. బయట వాన, లోపల ఆమె ప్రశ్నలు.

"డిగాక్సిన్ మాత్ర ఇచ్చేముందు ఏం చెయ్యాలి?"

"స్టెతస్కోప్ గుండె మీద పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టర్‌కి చెప్పాలి."

"పర్లేదే నూటపదీ, మనిషివవుతున్నావు!"

పరీక్ష అయ్యాక మనసులో మాట చెప్పేద్దామనుకున్నాను.

పరీక్ష ఇంకో పన్నెండు రోజులుందనగా ఆమె లైబ్రరీకి రావడం మానేసింది. క్లాస్ ఫస్ట్ అమ్మాయికి నాతో పనేముందిలే అనుకున్నాను. ఎందుకు రాలేదని అడగలేదు. వారం తర్వాత మెసేజ్ వచ్చింది: "గుండె చాప్టర్ నోట్స్ పంపవా?"

ఇప్పుడు గుర్తొచ్చానా అనుకున్నాను. చూసి కూడా పంపలేదు.

ఫలితాలొచ్చాయి. నేను పాసయ్యాను. ఆమె మూడు మార్కుల తేడాతో తప్పింది. వాళ్లమ్మకు గుండెపోటు వచ్చిందనీ, ఆ పన్నెండు రోజులూ ఆమె ఆసుపత్రిలోనే ఉందనీ ఆ రోజే తెలిసింది.

నోట్స్ పట్టుకుని వాళ్లింటికి పరుగెత్తాను. తలుపు ఆమే తీసింది.

"నీ మెసేజ్ చూశాను. కావాలనే పంపలేదు. తప్పు నాది."

"చూశావని తెలుసు. ఐసీయూ బయట కూర్చుని పదేపదే ఫోన్ చూసుకున్నాను." గొంతు పెంచలేదు. "నోట్స్ ఎవరైనా ఇచ్చేవారు. 'ఎక్కడున్నావు?' అని నువ్వడుగుతావనుకున్నాను."

"నువ్వంటే నాకిష్టం," అనేశాను.

"నాకూ ఉండేది."

చేతిలోని నోట్స్ ముందుకు చాచాను. ఆమె నోట్స్ అందుకుంది.

లోపల మంచం మీంచి వాళ్లమ్మ, "ఎవరమ్మా? కూర్చోమను, టీ తాగి వెళ్తాడు," అంది నీరసంగా.

"వద్దులేమ్మా. అతనికి డ్యూటీ ఉంది."

ఆ రోజు నాకు డ్యూటీ లేదు. అయినా వంగి చెప్పులు వేసుకున్నాను.